బీగల్‌బోన్ బ్లాక్ బూట్ అవ్వట్లేదా? యూ-బూట్ ఎక్కడ క్రాష్ అవుతుందో పట్టుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

బోర్డు బూట్ అవ్వట్లేదు అనగానే చాలామంది చేసే మొదటి పని ఎస్‌డీ కార్డ్ మళ్ళీ ఫ్లాష్ చెయ్యడం. దయచేసి అప్పుడే ఆ పని చెయ్యకండి. ఫ్లాష్ చేశాక బోర్డు లేచినా అసలు ఏం పాడైందో మీకు తెలియదు, రెండు వారాల తర్వాత అదే సమస్య మళ్ళీ వస్తే మళ్ళీ మొదటికే వస్తారు. లేవకపోతే ఇంకా ఘోరం, ఎందుకంటే పాత సాక్ష్యం పోయింది, కొత్తది చేతికి రాలేదు. బూట్‌లోడర్ (పవర్ ఇచ్చాక లైనక్స్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్, మన బోర్డులో అది యూ-బూట్) చచ్చిపోయేముందు సీరియల్ పోర్ట్ మీద ఏదో ఒకటి చెప్పే పోతుంది, ఏమీ చెప్పకుండా పోయినా ఆ నిశ్శబ్దం కూడా ఒక సమాచారమే. ఆ చివరి లైన్ ఏంటో చూసి, అది ఏ స్టేజ్‌లో వచ్చిందో తేల్చుకుని, ఆ స్టేజ్‌కి సంబంధించినవి మాత్రమే ముట్టుకోవాలి. ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క పద్ధతి మీదే నడుస్తుంది.

బోర్డుగా బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న లైనక్స్ కంప్యూటర్ తీసుకుంటున్నా, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఏఎం3358 చిప్, కార్టెక్స్-ఏ8, 1 గిగాహెర్ట్జ్, 512 ఎంబీ డీడీఆర్3 మెమరీ. 2013లో వచ్చిన బోర్డు, స్కీమాటిక్‌తో సహా అంతా ఓపెన్ కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచిది నాకైతే కనపడలేదు. కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో కొట్టండి. మెమరీ అడ్రస్‌లు అన్నీ హెక్స్‌లో ఉన్నాయి.

ముందు బూట్ ఎలా జరుగుతుందో

పవర్ ఇవ్వగానే మొదట లేచేది చిప్ లోపల ఫ్యాక్టరీలోనే వేసేసిన రోమ్ కోడ్, దాన్ని మనం మార్చలేం. అది ఈఎంఎంసీలోనో (బోర్డు మీదే ఉన్న ఫ్లాష్ స్టోరేజ్) ఎస్‌డీ కార్డులోనో ఎంఎల్‌ఓ అనే ఫైల్ వెతికి చిప్ లోపలి చిన్న ఎస్‌ర్యామ్‌లోకి లోడ్ చేస్తుంది. ఆ ఎంఎల్‌ఓనే ఎస్‌పీఎల్, అంటే యూ-బూట్‌కి ముందు నడిచే చిన్న యూ-బూట్. దీని సైజ్ 109 కేబీ దాటకూడదు, ఎందుకంటే ఆ టైంకి బయటి డీడీఆర్ ఇంకా ఆన్ అవ్వలేదు, ఉన్న చోటంతా అంతే. ఎస్‌పీఎల్ డీడీఆర్‌ని లేపి, అసలు యూ-బూట్‌ని 80800000 అడ్రస్‌లోకి తెస్తుంది. యూ-బూట్ లేచాక తనని తాను డీడీఆర్ పై చివరికి కాపీ చేసుకుని అక్కడినుంచి నడుస్తుంది (ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, డేటా అబార్ట్ దగ్గర దీంతోనే పని). తర్వాత కెర్నల్ (లైనక్స్‌లో అసలు భాగం), డివైస్ ట్రీ (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో చెప్పే ఫైల్) లోడ్ చేసి కంట్రోల్ కెర్నల్‌కి ఇచ్చేస్తుంది.

స్టెప్ 1: సీరియల్ వైర్ లేకుండా ఏదీ మొదలుపెట్టకండి

ఈథర్నెట్ జాక్ ఉన్న చోటు నుంచి లోపలికి చూస్తే జే1 అనే 6 పిన్నుల హెడర్ ఉంటుంది. పిన్ 1 గ్రౌండ్, పిన్ 4 బోర్డు రిసీవ్, పిన్ 5 బోర్డు ట్రాన్స్‌మిట్. యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ ట్రాన్స్‌మిట్ బోర్డు రిసీవ్‌కి, రిసీవ్ బోర్డు ట్రాన్స్‌మిట్‌కి వెళ్ళాలి. కన్వర్టర్ కచ్చితంగా 3.3 వోల్ట్‌ది అయ్యుండాలి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా జంపర్‌తో 5, 3.3 మధ్య మార్చుకునే రకాలు వస్తుంటాయి, పెట్టేముందు ఆ జంపర్ ఎటుందో మల్టీమీటర్‌తో చూస్కోండి. 5 వోల్ట్ తగిలితే ఆ చిప్ పిన్నులు తట్టుకోలేవు.

సెట్టింగ్ 115200, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. మినీకామ్ (లైనక్స్‌లో సీరియల్ పోర్ట్ చూసే ప్రోగ్రామ్) వాడేవాళ్ళు హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆఫ్ చెయ్యాలి, అది ఆన్‌లో ఉంటే బోర్డు చెప్పేది కనపడుతుంది కానీ మీరు కొట్టేది బోర్డుకి చేరదు, ఆటోబూట్ ఆపలేక కీబోర్డ్ పాడైందేమో అనుకుంటూ కూర్చుంటారు. లాగ్‌ని ఫైల్‌లోకి సేవ్ అయ్యేలా పెట్టండి, మినీకామ్‌లో కంట్రోల్-ఏ కొట్టి ఎన్ నొక్కితే ప్రతి లైన్ ముందు టైమ్ కూడా పడుతుంది. ఆ టైమ్ ఎందుకంటే, క్రాష్ ప్రతిసారీ ఒకే చోట, ఒకే టైమ్‌కి అవుతుంటే సాఫ్ట్‌వేర్ అనుమానం, ఒక్కోసారి ఒక్కో చోట అవుతుంటే పవర్ లేదా డీడీఆర్ అనుమానం. ఇది వందశాతం రూల్ కాదు గానీ మొదటి అడుగు ఎటు వెయ్యాలో బాగానే చెప్తుంది.

స్టెప్ 2: పవర్

ఇది బోర్ కొట్టే స్టెప్, అందుకే అందరూ దాటేస్తారు. మీటర్ తీసి పీ9 హెడర్‌లో 3 లేదా 4 పిన్ దగ్గర 3.3 వోల్ట్, 7 లేదా 8 దగ్గర 5 వోల్ట్ చూడండి, గ్రౌండ్ 1, 2 పిన్నుల్లో ఉంటుంది. 5, 6 పిన్నుల్లో డీసీ జాక్ నుంచి ఇస్తేనే 5 వోల్ట్ వస్తుంది, యూఎస్‌బీ మీద నడుపుతుంటే అక్కడ లేదని కంగారు పడకండి. మామూలు యూఎస్‌బీ 2 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీఆంప్స్, దాని మీద కేప్ (బోర్డు పైన గుచ్చే అదనపు బోర్డు), వైఫై డాంగిల్ పెడితే వోల్టేజ్ పడిపోయి మధ్యలో రీసెట్ అవుతుంది, చూసేవాళ్ళకి అది బూట్‌లోడర్ క్రాష్ లాగే ఉంటుంది. క్రాష్ వెతికేటప్పుడు 5 వోల్ట్ 2 ఆంప్స్ అడాప్టర్ జాక్‌కి పెట్టి, మిగతావన్నీ పీకేసి చూడండి. పవర్ ఎల్‌ఈడీ ఒక్కసారి వెలిగి ఆరిపోతుంటే సాఫ్ట్‌వేర్ జోలికే వెళ్ళొద్దు, ఎక్కడో షార్ట్ ఉంటే పవర్ చిప్ తనే ఆపేస్తుంది.

స్టెప్ 3: చివరి లైన్ ఏంటో చూసి స్టేజ్ తేల్చడం

అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

స్క్రీన్ మీద ఇంగ్లీష్ సీ అక్షరం వరసగా పడుతూ ఉంటే బోర్డు బతికే ఉంది, ఇది నిజానికి మంచి వార్త. బటన్ నొక్కకుండా పవర్ ఇస్తే రోమ్ కోడ్ వెతికే వరస ఈఎంఎంసీ, ఎస్‌డీ, సీరియల్, యూఎస్‌బీ. మొదటి రెండింట్లో పనికొచ్చే ఎంఎల్‌ఓ దొరకలేదు కాబట్టి సీరియల్ మీద ఫైల్ పంపమని అడుగుతోంది అన్నమాట. అంటే కార్డులో ఎంఎల్‌ఓ లేదు, లేదా ఫ్యాట్ పార్టిషన్‌కి బూట్ ఫ్లాగ్ లేదు, లేదా పార్టిషన్ లేకుండా నేరుగా రాసేటప్పుడు తప్పు ఆఫ్‌సెట్‌లో రాశారు. రోమ్ అలా నేరుగా వెతికే చోట్లు 0, 128 కేబీ, 256 కేబీ, 384 కేబీ, అంతే, ఇంకెక్కడ పెట్టినా దానికి కనపడదు.

ఎస్‌డీ నుంచి బూట్ చెయ్యాలని ఎస్2 (బూట్) బటన్ నొక్కిపట్టి రీసెట్ కొడుతుంటారు చాలామంది, అది పని చెయ్యదు. బూట్ మోడ్ పిన్నుల్ని చిప్ చదివేది పవర్ కొత్తగా వచ్చినప్పుడు మాత్రమే, రీసెట్ బటన్‌కి అవి మళ్ళీ చదవబడవు. పవర్ కేబుల్ పూర్తిగా పీకి, ఎస్2 నొక్కి పట్టుకుని, కేబుల్ పెట్టి, అప్పుడు వదలండి.

అసలు ఏమీ రాకపోతే? ముందు కన్వర్టర్ ట్రాన్స్‌మిట్, రిసీవ్ వైర్ల చివర్లు బోర్డు నుంచి పీకి ఒకదానికొకటి షార్ట్ చేసి కొట్టింది తిరిగి స్క్రీన్ మీద పడుతుందో లేదో చూసి కన్వర్టర్ మీద అనుమానం తీసేసుకోండి. తర్వాత పీ8 హెడర్ చూడండి. పీ8లో 31 నుంచి 46 దాకా ఉన్న పిన్నులు ఎల్‌సీడీ డేటా లైన్లు, అవే బూట్ మోడ్ పిన్నులు కూడా. మీ సర్క్యూట్‌లో సెన్సరో రిలే బోర్డో ఆ పిన్నుల్లో ఒకదాన్ని పవర్ వచ్చే క్షణంలో పైకో కిందకో లాగుతుంటే చిప్ వేరే బూట్ మోడ్ చదివి వేరే దారిలో పోతుంది, మీరు ఎన్ని కార్డులు మార్చినా లేవదు. కేప్ పీకేస్తే బూట్ అయ్యి పెడితే ఆగిపోతుంటే దాదాపు ఇదే. ఆ పిన్నులకి బఫర్ పెట్టి, రీసెట్ లైన్ పైకి వచ్చాకే అది ఎనేబుల్ అయ్యేలా చెయ్యాలి.

నిశ్శబ్దానికి ఇంకో కారణం ఎస్‌పీఎల్ లోపలే చచ్చిపోవడం. ఆర్మ్ మీద ఎస్‌పీఎల్‌లో క్రాష్ అయితే రిజిస్టర్లు ప్రింట్ చేసే కోడ్ ఉండదు, చోటు మిగల్చడానికి తీసేశారు, ఊరికే ఒక లూప్‌లో తిరుగుతూ ఉండిపోతుంది. యూ-బూట్ వెర్షన్‌ని బట్టి ఎస్‌పీఎల్ బ్యానర్ డీడీఆర్ లేచాకే వస్తుంది కాబట్టి డీడీఆర్ సెట్టింగ్ తప్పైతే బ్యానర్ కూడా చూడకపోవచ్చు. ఇలాంటప్పుడు మెనూకాన్ఫిగ్‌లో (యూ-బూట్ బిల్డ్ సెట్టింగ్‌ల మెనూ) డీబగ్ యూఆర్ట్ ఆన్ చేసి, బేస్ అడ్రస్ 44ఇ09000 ఇచ్చి, అనుమానం ఉన్న ఫంక్షన్ల ముందూ వెనకా ఒక్కో అక్షరం ప్రింట్ చేయించండి. మోటు పద్ధతే, కానీ జేటాగ్ డీబగర్ లేనివాళ్ళకి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు.

మీ సొంత బోర్డు అయితే, అంటే బీగల్‌బోన్ డిజైన్ తీసుకుని చేయించింది అయితే, ఈప్రామ్ (బోర్డు పేరు రాసి ఉండే చిన్న మెమరీ చిప్) గుర్తుంచుకోండి. ఏఎం335ఎక్స్ (మన చిప్ కుటుంబం పేరు) యూ-బూట్ ఇది ఏ బోర్డు అనేది ఐ2సీ మీద 50 అడ్రస్‌లో ఉన్న ఈప్రామ్ చదివి తెలుసుకుంటుంది, దాన్నిబట్టే డీడీఆర్ టైమింగ్, పిన్ మక్స్ (ఏ పిన్ ఏ పని చెయ్యాలనేది) పెడుతుంది. కొత్త బోర్డులో ఆ ఈప్రామ్ ఖాళీగా ఉంటుంది. అప్పుడు తెలియని బోర్డు, పిన్ మక్స్ చెయ్యలేను అనే అర్థం వచ్చే మెసేజ్ ఇచ్చి ఆగిపోతుంది, ఒక్కోసారి అది కూడా ఇవ్వకుండానే ఆగిపోతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి బ్యాచ్ మొత్తం డెడ్ అని పక్కన పెట్టేముందు ఇది చూడండి. ఈప్రామ్ రాయడం గానీ, బోర్డు పేరు కోడ్‌లోనే ఫిక్స్ చెయ్యడం గానీ చేస్తే సరిపోతుంది.

ఎస్‌పీఎల్ బ్యానర్ వచ్చి, ఎంఎంసీ1 నుంచి బూట్ ప్రయత్నిస్తున్నా అనే లైన్ దగ్గర ఆగితే, ఇక్కడ నంబర్లు బాగా తికమక పెడతాయి. ఎస్‌పీఎల్ ఎంఎంసీ1 అంటే ఎస్‌డీ కార్డు, ఎంఎంసీ2 అంటే ఈఎంఎంసీ. కానీ యూ-బూట్ ప్రాంప్ట్‌లో ఎస్‌డీ 0, ఈఎంఎంసీ 1. ఈ తేడా తెలియక ఎస్‌డీలో కొత్త ఫైల్ పెట్టి ఈఎంఎంసీలోని పాతదాన్ని డీబగ్ చేస్తూ ఉంటారు. బ్యానర్ పక్కన వెర్షన్, బిల్డ్ తేదీ ఉంటాయి, ఎస్‌పీఎల్‌దీ యూ-బూట్‌దీ రెండూ ఒకటే ఉన్నాయో లేదో చూడండి. ఒక బిల్డ్‌లోని ఎంఎల్‌ఓ, ఇంకో బిల్డ్‌లోని యూ-బూట్ ఇమేజ్ కలిపి వాడొద్దు, ఎప్పుడూ జతగానే మార్చాలి.

స్టెప్ 4: డేటా అబార్ట్

యూ-బూట్ బ్యానర్ వచ్చి, డీర్యామ్ 512 అని చూపించి, తర్వాత డేటా అబార్ట్ (సీపీయూ చదవలేని, రాయలేని అడ్రస్‌ని ముట్టుకుంది అనే ఎర్రర్) అని ఒక గుంపు రిజిస్టర్లు పోసి సీపీయూ రీసెట్ అవుతోందంటే, నిజానికి అన్ని క్రాష్‌లలో ఇదే సులువు. ఎందుకంటే ఎక్కడ పడిపోయిందో అడ్రస్‌తో సహా ఇస్తోంది. చాలామంది ఆ అంకెలు చూసి భయపడి లాగ్ నుంచి ఆ ముక్క తీసేసి మిగతాది పెట్టి సహాయం అడుగుతారు, అడగాల్సింది ఆ ముక్కతోనే.

అందులో పీసీ (ప్రోగ్రామ్ కౌంటర్, సీపీయూ ఏ అడ్రస్ దగ్గర ఉందో చెప్పేది) అని ఒక విలువ, దాని కింద రిలాక్ పీసీ అని ఇంకోటి ఉంటాయి. యూ-బూట్ తనని డీడీఆర్ పైకి మార్చుకుందని చెప్పా కదా, పీసీ ఆ కొత్త చోటిది, మీ బిల్డ్ ఫైల్‌లో ఆ అడ్రస్ ఉండదు. రిలాక్ పీసీ అంటే ఆ మార్పు తీసేశాక వచ్చే అసలు అడ్రస్, 808తో మొదలవుతుంది. ఆ విలువని మీ క్రాస్ కంపైలర్‌తో వచ్చే యాడర్2లైన్ టూల్‌కి ఇవ్వండి, మైనస్ ఎఫ్ ఆప్షన్ పెట్టి, మైనస్ ఈ తర్వాత బిల్డ్ ఫోల్డర్‌లోని యూ-బూట్ అనే ఎక్స్‌టెన్షన్ లేని ఫైల్ ఇస్తే ఫంక్షన్ పేరు, ఫైల్, లైన్ నంబర్ మూడూ వచ్చేస్తాయి. రిలాక్ ఎల్‌ఆర్ కూడా అలాగే ఇవ్వండి, ఆ ఫంక్షన్‌ని ఎవరు పిలిచారో తెలుస్తుంది, అసలు దోషి చాలాసార్లు అక్కడే ఉంటాడు. ఒక్క షరతు, ఆ ఫైల్ బోర్డు మీద నడుస్తున్న బిల్డ్‌దే అయ్యుండాలి. ఒక్క లైన్ మార్చి మళ్ళీ బిల్డ్ చేసినా అడ్రస్‌లు కదిలిపోయి సంబంధం లేని ఫంక్షన్ చూపిస్తుంది, అందుకే బోర్డు మీదకి వెళ్ళిన ప్రతి బిల్డ్‌కి ఆ ఫైల్ కూడా పక్కన దాచండి.

లైన్ దొరికాక కారణాలు సాధారణంగా ఇవి. డివైస్ ట్రీలో నోడ్ లేక డ్రైవర్‌కి పాయింటర్ సున్నా వచ్చింది, అప్పుడు రిజిస్టర్లలో ఒకటి సున్నా లేదా చాలా చిన్న అంకె ఉంటుంది. లేదా క్లాక్ ఇవ్వని మాడ్యూల్‌ని ముట్టుకున్నారు, ఏఎం335ఎక్స్‌లో ఇది చాలా ఎక్కువ. జీపీఐఓ1 క్లాక్ ఆన్ చెయ్యకుండా దాని రిజిస్టర్ చదివితే చిప్ తప్పు విలువ ఇవ్వదు, నేరుగా డేటా అబార్ట్ ఇస్తుంది. క్రాష్ లైన్‌లో ఏదో పెరిఫెరల్ రిజిస్టర్ చదవడమో రాయడమో ఉంటే ముందు ఆ మాడ్యూల్ క్లాక్ చూడండి. డేటా అబార్ట్ కాకుండా అన్‌డిఫైన్డ్ ఇన్‌స్ట్రక్షన్ అనో ప్రీఫెచ్ అబార్ట్ అనో వస్తే సీపీయూ కోడ్ లేని చోటుకి దూకింది, అంటే పాడైన ఫంక్షన్ పాయింటర్, స్టాక్ పొంగడం, లేదా యూ-బూట్ కూర్చున్న చోటే ఏదైనా ఫైల్ లోడ్ అయిపోవడం.

ఆ చివరిది మీ చేతిలోనే ఉంటుంది. ప్రాంప్ట్‌లో బీడీఇన్ఫో కొడితే రిలొకేషన్ అడ్రస్, స్టాక్ మొదలు కనపడతాయి, వాటికి దగ్గరగా ఏదీ లోడ్ చెయ్యొద్దు. కొత్త వెర్షన్లు రిజర్వ్ చేసిన మెమరీ మీద రాయబోతున్నావు అని ఆపుతాయి, పాతవి ఆపవు.

స్టెప్ 5: మెమరీ అనుమానం తీర్చుకోవడం

క్రాష్ చోటు మారుతుంటే మాత్రమే ఈ స్టెప్. మెమరీ పరీక్షించే ఎంటెస్ట్ కమాండ్ బిల్డ్‌లో ఆన్ చేసుకుని 82000000 నుంచి 90000000 దాకా నడపండి, ఆ మధ్యలో యూ-బూట్ లేదు కాబట్టి తనని తాను చెరుపుకోదు. బోర్డు వేడెక్కాక కూడా ఒకసారి నడపాలి, చల్లగా పాసై వేడిలో ఫెయిల్ అయ్యే డీడీఆర్ టైమింగ్‌లు ఉంటాయి. అసలు బీగల్‌బోన్ అయితే డీడీఆర్ సెట్టింగ్ తప్పయ్యే అవకాశం తక్కువ. సొంత బోర్డులో వేరే కంపెనీ డీడీఆర్ చిప్ వేసి పాత టైమింగే వదిలేస్తే ఇదే మొదటి అనుమానం.

స్టెప్ 6: ఎన్విరాన్‌మెంట్

ఎన్విరాన్‌మెంట్ అంటే యూ-బూట్ సేవ్ చేసుకునే సెట్టింగ్‌లు. బ్యాడ్ సీఆర్‌సీ, డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్ వాడుతున్నా అనే హెచ్చరిక క్రాష్ కాదు, కొత్త బోర్డులో అది మామూలే. ప్రమాదం దానికి రివర్స్‌లో ఉంటుంది, యూ-బూట్ కొత్తది పెట్టినా ఎప్పుడో సేవ్ చేసిన పాత ఎన్విరాన్‌మెంట్ చక్కగా లోడ్ అయిపోయి పాత అడ్రస్‌లు, పాత బూట్ కమాండ్ వాడేస్తుంది. ప్రింట్ఎన్వ్ కొట్టి అంతా లాగ్‌లో దాచుకున్నాక, ఎన్వ్ డిఫాల్ట్ మైనస్ ఏ కొట్టి సేవ్ చెయ్యకుండానే బూట్ కొట్టి చూడండి. బాగా నడిస్తే అప్పుడు సేవ్ఎన్వ్.

స్టెప్ 7: కెర్నల్ మొదలవుతోంది అన్నాక నిశ్శబ్దం

ఇక్కడ యూ-బూట్ పని అయిపోయింది, కానీ నింద దాని మీదే పడుతుంది. ముందు కెర్నల్ నిజంగా ఆగిందా లేక మాట్లాడేది మీకు వినపడట్లేదా తేల్చండి. పాత ఓమ్యాప్ సీరియల్ డ్రైవర్‌లో కన్సోల్ పేరు టీటీవైఓ0, ఇప్పుడు వాడే డ్రైవర్‌లో టీటీవైఎస్0, కెర్నల్‌కి ఇచ్చే బూట్ఆర్గ్స్‌లో తప్పు పేరుంటే కెర్నల్ అంతా బాగానే నడుస్తూ మీకు మాత్రం ఏమీ కనపడదు. అందులో ఎర్లీకాన్ (కెర్నల్ మొదట్లోనే ప్రింట్ చేసేలా చేసే ఆప్షన్) కూడా కలిపి చూడండి.

తర్వాత లోడ్ అయిన ఫైళ్ళు నిజంగా బాగున్నాయా చూడాలి. కెర్నల్ 82000000లో, డివైస్ ట్రీ 88000000లో, ర్యామ్‌డిస్క్ 88080000లో పెట్టడం ఈ బోర్డులో అలవాటు. అంటే కెర్నల్‌కి 96 ఎంబీ చోటుంది, డివైస్ ట్రీకి మాత్రం 512 కేబీనే, అది దాటితే ర్యామ్‌డిస్క్ దాని మీద పడిపోతుంది. ఫైల్ లోడ్ చేశాక సీఆర్‌సీ32 (ఫైల్ మారిందో లేదో చెప్పే లెక్క) కమాండ్‌కి 82000000, దాని తర్వాత ఫైల్‌సైజ్ వేరియబుల్ ఇచ్చి వచ్చిన విలువని మీ కంప్యూటర్‌లో అదే ఫైల్ సీఆర్‌సీతో పోల్చండి. ఒకటే అయితే కార్డు, ఫైల్ సిస్టమ్, మెమరీ మూడింటి మీదా అనుమానం ఒక్క కమాండ్‌తో తగ్గిపోతుంది. వేరే వస్తే ఇంకోసారి లోడ్ చేసి చూడండి, ప్రతిసారీ వేరే విలువ వస్తుంటే హార్డ్‌వేర్, ప్రతిసారీ ఒకే తప్పు విలువ వస్తుంటే కార్డులో ఫైలే పాడైంది.

ఎఫ్‌డీటీ హై అనే వేరియబుల్‌లో ఎనిమిది ఎఫ్‌లు పెట్టమని పాత గైడ్లలో ఉంటుంది. అలా పెడితే డివైస్ ట్రీ ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది, సురక్షితమైన చోటుకి జరగదు. కెర్నల్ పెద్దదయ్యే కొద్దీ దాంతో గొడవలొస్తాయి, బలమైన కారణం లేకపోతే తీసెయ్యండి.

బూట్ అయ్యి సుమారు 3 నిమిషాలకి రీసెట్ అవుతుంటే మాత్రం కారణం వాచ్‌డాగ్, అంటే టైమ్‌కి ఎవరూ పలకరించకపోతే చిప్‌ని రీసెట్ చేసే టైమర్. రోమ్ కోడ్ దాన్ని 3 నిమిషాలకి పెట్టి వదులుతుంది, మీ యూ-బూట్ గానీ కెర్నల్ గానీ దాన్ని ఆపట్లేదు లేదా రిఫ్రెష్ చెయ్యట్లేదు.

స్టెప్ 8: బోర్డుని మళ్ళీ లేపడం

కారణం తెలిశాక ఇప్పుడు రాయొచ్చు. ఈఎంఎంసీలో పాడైన బూట్‌లోడర్ ఉంటే మంచి ఎస్‌డీ కార్డుతో, ఎస్2 నొక్కి, లైనక్స్‌లోకి రండి. ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి ఏ డివైస్ పక్కన బూట్0, బూట్1 అని చిన్న డివైస్‌లు కనపడతాయో చూడండి, అదే ఈఎంఎంసీ, కార్డుకి అవి ఉండవు. మొదటి 1 ఎంబీని ఒక ఫైల్‌లోకి బ్యాకప్ తీసుకుని, డీడీ కమాండ్‌తో ఎంఎల్‌ఓని 128 కేబీ ఆఫ్‌సెట్‌లో, యూ-బూట్ ఇమేజ్‌ని 384 కేబీ ఆఫ్‌సెట్‌లో రాయండి. అయ్యాక సింక్.

కార్డు రీడర్ కూడా లేదంటే సీరియల్ చాలు. కార్డు తీసేసి, ఈఎంఎంసీలో కూడా బూట్ అయ్యేది లేనప్పుడు ఆ సీ అక్షరాలు వస్తాయి, అప్పుడు ఎక్స్‌మోడెమ్‌లో ఎస్‌పీఎల్ బిన్ ఫైల్ పంపండి. ఎంఎల్‌ఓ కాదు, దానికి ముందు హెడర్ ఉంటుంది, సీరియల్ బూట్‌కి హెడర్ లేనిది కావాలి. ఎస్‌పీఎల్ లేచి మళ్ళీ సీలు మొదలుపెడుతుంది, ఈసారి వైమోడెమ్‌లో యూ-బూట్ ఇమేజ్ పంపితే ప్రాంప్ట్ వచ్చేస్తుంది. 115200 మీద కాసేపు పడుతుంది, మధ్యలో ముట్టుకోకండి.

బూట్ అయిందని ఒక్కసారి చూసి వదిలెయ్యకండి. పవర్ పూర్తిగా పీకి పెట్టి కొన్నిసార్లు, రీసెట్ బటన్‌తో కొన్నిసార్లు, లైనక్స్ నుంచి రీబూట్ కమాండ్‌తో కొన్నిసార్లు చూడండి. ఈ మూడింటికీ చిప్ లేచే దారి వేరు, రీబూట్‌కి లేచి పవర్ పీకి పెడితే లేవని బోర్డులు ఉంటాయి, అప్పుడు మళ్ళీ పీ8 పిన్నులు, పవర్ వచ్చే వరస చూస్కోవాల్సి వస్తుంది. ఇదంతా అయ్యాక ఆ లాగ్, బిల్డ్ ఫైల్, కాన్ఫిగ్ ఫైల్ మూడూ ఒకే ఫోల్డర్‌లో తేదీ వేసి పెట్టుకోండి.